కార్తెలూ, కడలి దాటిన తెలుగువారూ

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని మన పల్లెల్లో ఒక సామెత వుంది. ఉత్తర కార్తె దాటినా వాన పడకపోతే ఇక ఆ ఏడు పంట లేదు, తట్టా బుట్టా నెత్తిన పెట్టుకుని వూరు విడవమని దాని అర్థం. ఉత్తర కార్తె సెప్టెంబరు నడిమి రెండు వారాలు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ మాట ప్రకారం గంప ఎత్తిన తెలుగువారు కొందరు పొరుగు జిల్లాలకు పోయారు, కొందరు కాలువ పనులకు పోయారు, మరికొందరు ఓడ ఎక్కారు. ఓడ ఎక్కినవారితోబాటు ఈ కార్తెలూ సముద్రం దాటాయి. ఆవలి ఒడ్డున వాటికి ఏమి గతి పట్టిందో చెప్పుకోవడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

కార్తె అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఈ మాట కొత్త. సూర్యుడు ఏడాదిలో ఇరవై ఏడు నక్షత్రాలను చుట్టి వస్తాడు. ఒక్కో నక్షత్రంలో వుండే పదమూడు పద్నాలుగు రోజులకూ ఆ నక్షత్రం పేరే కార్తె పేరు. ఏప్రిల్ నడుమ అశ్వినితో మొదలై మళ్ళీ ఏప్రిల్ నడుమకు రేవతితో ముగుస్తుంది. మన మాసాలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి గనుక అధిక మాసం వచ్చినప్పుడల్లా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. కార్తెలకు ఆ బాధ లేదు. అవి ఏటా అదే వేళకు వస్తాయి. అందుకే తిథి వార నక్షత్రాలను పురోహితుడికి వదిలి, రైతు కార్తెలను తన దగ్గర వుంచుకున్నాడు.

మే నెలాఖరున రోహిణి. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర. నైరుతి మేఘం తెలుగునాట అడుగు పెట్టే వేళ. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్నారు. ఆ రోజు చేపలు తినడం తెలంగాణలో నేటికీ ఆచారం. తరువాతది ఆరుద్ర. తొలకరి పడి నేల మెత్తబడగానే చేలగట్ల మీద మఖమల్ ముక్కల్లాంటి ఎర్రని పురుగులు బయటికి వస్తాయి. వాటికి ఆరుద్ర పురుగులని పేరు. సంస్కృతంలో ఇంద్రగోపాలన్నది వీటినే. వాటిని అగ్గిపెట్టెలో దాచుకుని ఆడుకున్నవారు మనలో చాలామందే వున్నారు. నిజానికి అవి పురుగులు కావు, ఎనిమిది కాళ్ళ జీవులు, సాలీడుకు దూరపు చుట్టాలు. ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోపలే వుండి, మొదటి మంచి వానకు పైకి వస్తాయి. నేల ఎంత లోతు తడిసిందో రైతుకు అవి చెప్పేవి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్న నమ్మకం వెనుక ఇలాంటి ఆనవాళ్ళు ఎన్నో వున్నాయి.

ఆగస్టు నడుమ నుంచి మఖ, పుబ్బ. ఈ రెండూ వరపైతే మహా క్షామమే. ఆ తరువాతదే మనం మొదట చెప్పుకున్న ఉత్తర.

ఈ లెక్క తెలుగుదేశమంతటికీ ఒక్కటిగా సరిపోదన్నది కూడా గమనించాలి. తెలంగాణకు నైరుతి వానలే ప్రాణం. నెల్లూరు సీమకు అక్టోబరు తరువాత వచ్చే ఈశాన్య వానలు ప్రధానం. ఒకచోట గంప ఎత్తవలసిన వేళకు మరొకచోట రైతు మబ్బు కోసం ఇంకా ఎదురు చూస్తూనే వుంటాడు. పైగా సూర్యుడి నక్షత్ర ప్రవేశానికీ ఋతువులకూ మధ్య సుమారు డెబ్బై ఏళ్ళకు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతూ వస్తోంది. అంటే వెయ్యేళ్ళకు ఒక కార్తె జరిగిపోతుందన్నమాట. సామెతలను శాసనాలుగా కాక, ఒక నేల మీద కొన్ని తరాలపాటు రాసుకున్న దినచర్యగా చదవడం మంచిదని మాకు తోస్తుంది.

ఆ దినచర్య తప్పిన ఏళ్ళు ఘోరమైనవి. నందన నామ సంవత్సరం, 1832-33లో, గుంటూరు జిల్లాలో వున్న సుమారు ఐదు లక్షల జనంలో లక్షన్నరకు పైగా ఆకలికి, రోగాలకు బలయ్యారు. ధాత నామ సంవత్సరం, 1876లో, నైరుతి తప్పింది, దాని వెనుక ఈశాన్యమూ తప్పింది. మద్రాసు రాజధాని అంతటా 1878 వరకు కరువు తాండవించింది. ఈ రెండు కరువుల మధ్య కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి గోదావరికి ఆనకట్ట కట్టించాడు. డెల్టా రైతుకు ఉత్తర కార్తె భయం కొంత తగ్గింది. ఆనకట్ట నీరు అందని ఉత్తర సర్కారు మెట్టలకు ఆ భాగ్యం కలగలేదు. మారిషస్ వెళ్ళిన తెలుగువారిలో విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల వారు ఎక్కువ. నేటికీ అక్కడి తెలుగువారు సింహాద్రి అప్పన్నను కొలుస్తూ, అమ్మోరు పండుగ చేసుకుంటూ వుండడానికి కారణం అదే.

వారిలో చాలామంది ఓడ ఎక్కిన రేవు కోరంగి. గోదావరి ముఖాన, ఇప్పటి కాకినాడకు దక్షిణంగా, మడ అడవుల అంచున వుండేది. మారిషస్‌లోనూ, బర్మా, మలయాలలోనూ తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచారంటే ఆ రేవు ఎంత పేరు పొందిందో వూహించవచ్చు. మారిషస్‌కు మన దేశపు కూలీల వలస 1834లో మొదలై, 1839లో ప్రభుత్వం నిషేధించగా ఆగి, 1842 తరువాత తిరిగి సాగింది. "కోరంగి ప్యాకెట్" అనే ఓడ 1843లో తెలుగువారిని తీసుకుపోయింది. సరిగ్గా ఆ విరామంలోనే, 1839 నవంబరు 25న, కోరంగిని ఒక మహా తుపాను ముంచెత్తింది. ఉప్పెన రేవును తుడిచిపెట్టింది. అంతకు ముందు 1789 డిసెంబరులోనూ మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆ వూరిని ముంచాయి. చనిపోయినవారు ఇరవై వేలని అంచనా. కలకత్తాలో వుండి బంగాళాఖాతపు గాలివానలను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో అచ్చువేసిన నావికుల గ్రంథంలో ఈ కోరంగి ఉప్పెనను వర్ణించాడు. "సైక్లోన్" అనే మాటను లోకానికి ఇచ్చినది ఆ గ్రంథమే. ప్రపంచం నలుమూలలా వాడే ఆ మాట పుట్టుకతో మన కోరంగికి ఇంతటి బంధం వుందన్న సంగతి తెలుగువారికి అంతగా తెలియదు.

అన్నట్టు ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో ఒక వేధశాల నెలకొల్పారు. ఆయన తరువాత అంకితం వెంకట నరసింగరావు గారు దానిని నడిపి, వాతావరణ లెక్కలు నమోదు చేయించారు. 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని కూడా పరిశీలించారు. రైతుకు కార్తె, జమీందారుకు దూరదర్శిని. ఆ రెండు విద్యలూ ఒకే జిల్లాలో పక్కపక్కనే వున్నా కలిసి కూర్చున్నట్టు లేదు.

ఇక ఆవలి ఒడ్డు సంగతి.

మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణంగా ఇరవయ్యో అక్షాంశం మీద వుంది. నక్షత్రంలో సూర్య ప్రవేశం భూమి మీద ఎక్కడ నిలుచున్నా ఒక్కటే గనుక కార్తె అక్కడా అదే రోజున వస్తుంది. వాన మాత్రం రాదు. మన ఇంట మృగశిరకు నాగలి చేలోకి దిగుతుంది. అక్కడ జూన్‌లో చలికాలం మొదలు, చెరకు నరకడం మొదలు. ఆగ్నేయపు గాలి ఎడతెగక వీస్తుంది. మధ్యనున్న ఎత్తు భూముల మీద సన్నని తుంపర పడుతుంది. పడమటి తీరం పొడిగా వుంటుంది. రోళ్ళు పగలవలసిన రోహిణిలో అక్కడ దుప్పటి వెతుక్కోవాలి. మామిడి పండేది నవంబరు నుంచి జనవరి దాకా గనుక, ఉగాది పచ్చడికి లేత మామిడి పిందె దొరికే వేళ అది కాదు. ఉగాదే శరత్కాలం ముంగిట్లో వస్తుంది. వసంతం వచ్చిందని పాడే పండుగ ఎండ తగ్గుముఖం పట్టే రోజుల్లో చేసుకోవాలి. అయినా చేసుకున్నారు. నేడు ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు దినం.

సంక్రాంతి మాట మరీ తమాషా. సూర్యుడు ఉత్తరానికి తిరిగాడని, ఇక పగళ్ళు పెరుగుతాయని మనం సంతోషిస్తాం. మారిషస్‌లో ఉత్తరాయణమంటే సూర్యుడు వారిని విడిచిపోవడం. అక్కడి పగళ్ళు అప్పటినుంచి తగ్గుతాయి. జనవరి మూడో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తిన వుంటాడు. సంక్రాంతి చలికి చంకలెత్తలేమన్న మాట విని అక్కడి పిల్లలు నవ్వి వుండాలి.

ఆకాశం కూడా తలకిందులే. మృగశిర వుండే వేటగాడి చుక్కలు అక్కడ తలకిందులుగా కనిపిస్తాయి. పెళ్ళిలో చూపించే అరుంధతి ఉత్తరపు అంచున, కొన్ని నెలలపాటే, కొండ అడ్డు లేకపోతే కనబడుతుంది. ధ్రువ నక్షత్రం అసలే కనబడదు. దిక్కు చూపే చుక్క లేని ఆకాశం కింద మొదటి రాత్రి ఆ కోరంగి మనుషులు ఏమనుకున్నారో రాసిపెట్టినవారు లేరు.

వారికి అక్కడ చిరపరిచితంగా ఎదురైనది ఒక్కటే, తుపాను. అదీ వేషం మార్చుకుని వచ్చింది. తెలుగు తీరానికి పెద్ద తుపానులు స్వాతి, విశాఖ, అనురాధ కార్తెల్లో, అంటే అక్టోబరు చివర నుంచి డిసెంబరు మొదలు దాకా వస్తాయి. మచిలీపట్నాన్ని ముప్పై వేలమందితో ముంచిన ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. దివిసీమను ముంచినది 1977 నవంబరు 19న. కోనసీమను కూల్చినది 1996 నవంబరు 6న. మారిషస్‌లో అదే గండం జనవరి నుంచి మార్చి దాకా ఎక్కువ. పైగా సుడి తిరిగే దిక్కు వేరు. ఉత్తరార్ధ గోళంలో తుపాను గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. దక్షిణాన ముల్లుతోబాటే తిరుగుతుంది. కోరంగి జాలరి ఈశాన్యపు గాలి బిగిసిందంటే గండం ఆగ్నేయాన సముద్రం మీద వుందని పసికడతాడు. మారిషస్‌లో ఆగ్నేయపు గాలి బిగిస్తే గండం ఈశాన్యాన వుంటుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే మన ఇంట తుపాను ఎడమచేతి వైపు, అక్కడ కుడిచేతి వైపు. తరతరాల అనుభవమంతా అద్దంలో బొమ్మలాగా తిరగబడిందన్నమాట.

1892 ఏప్రిల్ 29న వచ్చిన తుపాను అక్కడి చరిత్రలో మరువరానిది. ఆ సరికి తుపానుల రోజులు దాటిపోయినట్టే అందరూ లెక్క వేసుకున్నారు. గాలి విరుచుకుపడింది, మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయింది. గండం గడిచిందని జనం బయటికి వచ్చారు. అది తుపాను కన్ను. తరువాత ఎదురు దిక్కు నుంచి మరింత ఉధృతంగా వచ్చిన గాలి పోర్ట్ లూయిస్ పట్టణంలో పెద్ద భాగాన్ని కూల్చివేసింది. దాదాపు పన్నెండు వందలమంది మరణించారు. చార్లెస్ మెల్డ్రమ్ వంటి పండితుడు ఓడల దినచర్య పుస్తకాలు పోగుచేసి హిందూ మహాసముద్రపు తుపానులను పరిశోధించిన దీవి అది. అక్కడ 1851లోనే వాతావరణ సంఘం వెలిసింది. అయినా చెరకు ఆకు కప్పిన గుడిసెల్లో వున్నవారికి ఆ విద్య అందలేదు. 1960 ఫిబ్రవరి చివర వచ్చిన "కేరొల్" తుపాను తరువాతనే అక్కడ ఆకు కప్పుల కాలం పోయి సిమెంటు ఇళ్ళ కాలం వచ్చింది. 1975 ఫిబ్రవరి 6న గంటకు 280 కిలోమీటర్ల ఈదురుతో "జెర్వేజ్" వచ్చేనాటికి ఆ మార్పు విలువ తెలిసింది.

ఇక కార్తెలు అక్కడ ఎందుకు నిలవలేదన్న ప్రశ్న. వాతావరణం వేరు గనుక అన్న జవాబు సగమే నిజం. సామెతను కొత్త నేలకు తగ్గట్టు మార్చుకోవచ్చు. పనికివచ్చే విద్యను మనుషులు అంత తేలికగా వదలరు. మా అభిప్రాయంలో అసలు కారణం వేరే వుంది. విత్తనం ఎప్పుడు వెయ్యాలో తానే నిర్ణయించుకునేవాడికి కార్తె కావాలి. ఎస్టేటులో ఆ నిర్ణయం దొరది. తెల్లవారకముందు గంట మోగుతుంది, సర్దారు వరుస పిలుస్తాడు. ఒకరోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల కూలి కోసే "డబుల్ కట్" పద్ధతి అక్కడ చాలాకాలం నడిచింది. అలాంటివాడు ఆకాశం చూసి చేసేదేముంది? మబ్బు పట్టినా పట్టకపోయినా గంట ఆగదు. ఒప్పంద కూలీ కోల్పోయిన వాటి జాబితాలో ఇంటిపేర్లు, కులదైవాల కథలు, భాష అని రాస్తూ వుంటాం. ఆకాశం చూసి నిర్ణయం తీసుకునే హక్కును కూడా ఆ జాబితాలో చేర్చాలి.

దీనికి తార్కాణంగా తరువాతి చరిత్రనే చూపవచ్చు. 1870ల తరువాత మారిషస్‌లో పెద్ద ఎస్టేటులు కొన్ని ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయాయి. భారతీయులు ఎకరం, అరెకరం కొనుక్కుని సొంత చెరకు నాటారు. అప్పటినుంచి వాన, గాలి మళ్ళీ వారి సొంత వ్యవహారమయ్యాయి. నేటాలులోనూ అంతే. మద్రాసు నుంచి బయలుదేరిన "ట్రూరో" ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఒప్పందం తీరినవారు నదుల ఒడ్డున కూరగాయల తోటలు వేశారు. అక్కడా వాన అక్టోబరు నుంచి మార్చి దాకా. మన మృగశిర, ఆరుద్రలు అక్కడ ఎండు చలికాలం. 1917 అక్టోబరు చివర అమ్గేని నది పొంగి ఆ తోటలను, గుడిసెలను కొట్టుకుపోయినప్పుడు, ఆరుగురు భారతీయ పడవవాళ్ళు ప్రాణాలకు తెగించి నూట డెబ్బై మందికి పైగా కాపాడారు. ఏ నది పక్కన ఎంత దూరంలో ఇల్లు కట్టాలో చెప్పే సామెత ఆ కొత్త దేశంలో వారికి ఇంకా పుట్టలేదు.

మలయా కథ మరో తీరు. భూమధ్యరేఖకు దగ్గర గనుక అక్కడ ఏడాది పొడుగునా వానలే. దిగువ పేరాక్ తోటల్లో స్థిరపడిన తెలుగువారికి వాన కోసం ఎదురు చూడడం అనే మాటే లేకుండా పోయింది. పైపెచ్చు వాన శత్రువయింది. రబ్బరు పాలు తెల్లవారుజామునే తియ్యాలి. చెట్టు తడిస్తే పాలు చిప్పలోకి కారక బెరడు మీద పరుచుకుంటాయి, ఆ రోజు పని వుండదు. వాన పడితే పండుగ చేసుకునే జాతి వాన పడితే కూలి పోయిందని దిగులు పడవలసి వచ్చింది. అయితే ఒక్క చిత్రం వుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రబ్బరు చెట్లు ఆకు రాల్చి చిగురు వేస్తాయి. ఋతువులే తెలియని ఆ దేశంలో, ఉగాది దరిదాపులలో, ఎరుపు తిరిగిన లేత చిగుళ్ళు తోటంతా కనబడతాయి. మారిషస్‌కు దక్కని వసంతం మలయాకు రబ్బరు చెట్టు ఇచ్చింది.

అమెరికా వచ్చిన మన తరం చదువుల కోసం, ఉద్యోగాల కోసం విమానంలో దిగినది. మనల్ని ఎవరూ గంట కొట్టి పిలవలేదు. అయినా కార్తెలు మనతో రాలేదు. ఇక్కడ మనకంటే ముందు వచ్చినవారు ఏం చేశారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జర్మనీ నుంచి పెన్సిల్వేనియాకు వచ్చిన రైతులకు ఒక నమ్మకం వుండేది: ఫిబ్రవరి 2న ఎండకాసి, బొరియలోంచి వచ్చిన జంతువు తన నీడ తాను చూసుకుంటే ఇంకా ఆరు వారాలు చలి తప్పదని. వారి దేశంలో ఆ జంతువు వేరు. ఇక్కడ గ్రౌండ్‌హాగ్ అనే, ఉడుత జాతికి చెందిన బొద్దుపాటి జంతువు కనబడింది. వారు సామెతను వదలలేదు, జంతువును మార్చారు. పంక్సుటానీ అనే చిన్న వూళ్ళో 1887 నుంచి ఆ రోజును వేడుకగా జరుపుతున్నారు. అది చెప్పే జోస్యం మన మఖ పుబ్బల సామెతపాటి కూడా నిజం కాదు, అది వేరే సంగతి. "శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుంది" అని చికాగోలో అన్నవాడు మరునాడు పొద్దున్నే పారతో మంచు ఎత్తిపోసుకోవలసి వస్తుంది. మనం దాన్ని మార్చనూ లేదు, మరువనూ లేదు; ఏటా చెప్పుకుని ఏటా నవ్వుకుంటున్నాం.

మాటల సంగతీ అంతే. తెల్లవారి గడ్డిమీద మెరిసేదీ, దారి కనబడకుండా కమ్మేదీ, హిమాలయాల మీద పేరుకునేదీ మనకు అన్నీ మంచే. ఇక్కడి పిల్లలు దానికి అర డజను ఇంగ్లీషు మాటలు పలుకుతారు. వానకు మాత్రం మనకు చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడి, కుండపోత అని ఎన్ని మాటలో! వాటిలో కొన్ని కొత్త నేల మీద చక్కగా నాటుకుంటున్నాయి. సియాటిల్‌లో నవంబరు నుంచి పట్టేది అచ్చమైన ముసురు. టెక్సాస్‌లో కారు అద్దాలు పగలగొట్టేవి మన వడగళ్ళే. 2017 ఆగస్టులో హార్వే తుపాను హ్యూస్టన్ ప్రాంతంలో మీటరుకు పైగా వాన కురిపించినప్పుడు అక్కడి తెలుగువారు దానిని గాలివాన అనే అన్నారు. అదీ ఉత్తరార్ధ గోళపు తుపానే గనుక కోరంగిలో తిరిగినట్టే తిరిగింది.

చికాగో పరిసరాల తెలుగిళ్ళ పెరళ్ళలో ఇంకో సంగతి జరుగుతోంది. ఇక్కడి తోటమాలుల లెక్క ప్రకారం మే రెండో ఆదివారం, మదర్స్ డే, దాటేదాకా లేత నారు బయట పెట్టరాదు. రాత్రి మంచు కొట్టి చచ్చిపోతుంది. అది సరిగ్గా కృత్తిక కార్తె ప్రవేశించే వారం. గోంగూర, బీర, ఆనప గింజలు మేము అప్పుడే వేస్తాం. గోంగూర పగళ్ళు పొడుగ్గా వున్నన్నాళ్ళూ ఆకు మీదనే వుంటుంది, ఉత్తర, హస్తలలో పగలు కుంచించుకోగానే మొగ్గ తొడుగుతుంది. తొలి గడ్డమంచు తరచు చిత్తలో, అంటే అక్టోబరు నడుమ, పడుతుంది. అందుచేత చిత్త రాకముందే ఆకంతా కోసి నిల్వ పచ్చడి పెట్టుకోవాలి. ఈ లెక్కను మా సంఘంలోని పెద్ద ముత్తైదువలు కొందరు వంటింటి గోడమీది క్యాలెండరులో ఏటేటా రాసుకుంటున్నారు, విత్తిన తేదీ ఒక గడిలో, మొదటి మంచు కొట్టిన తేదీ మరో గడిలో.